గుహలకూ మంచుకొండలకూ ఒకే హెడ్‌ల్యాంప్: ఎల్‌ఈడీ మార్చే ముందు బాగుచేయాల్సినవి

మీ ప్రశ్న ఇది: 18650 సైజు లిథియం అయాన్ సెల్ ఒకటి పట్టే వెయ్యి ల్యూమెన్ల (ల్యూమెన్ అంటే వెలుగు కొలత) హెడ్‌ల్యాంప్ మీ దగ్గరుంది. ఉత్తరాఖండ్ శీతాకాలపు ట్రెక్‌లో, శిఖరానికి బయల్దేరిన రాత్రి అది దారి మధ్యలో ఉన్నట్టుండి ఆరిపోయింది. ఆ తర్వాత మేఘాలయలో ఒక గుహలో నడుములోతు నీళ్లలో తిరిగి వచ్చేసరికి అద్దం లోపల తేమ చేరింది. ఇప్పుడు రెండు చోట్లకూ అదొక్కటే పనికొచ్చేలా దాన్ని విప్పి రెట్టింపు వెలుగిచ్చే ఎల్‌ఈడీ వేయాలనుకుంటున్నారు, ఏది వేయమంటారు అని.

ఎల్‌ఈడీ దగ్గరికి చివర్లో వస్తాను. మీ దీపం రెండుసార్లు మొరాయిస్తే రెండుసార్లూ ఎల్‌ఈడీ నిక్షేపంగా ఉంది. ఒకసారి చలికి సెల్ వోల్టేజీ పడిపోయింది, ఇంకోసారి నీళ్లకు దారి దొరికింది. నేను ఎలక్ట్రానిక్స్ పనిలో ఉన్నవాణ్ని. కొండలకూ గుహలకూ వెళ్లే మిత్రుల దీపాలు విప్పి బాగుచేయడం చాలా ఏళ్లుగా చేస్తున్నాను. నా బల్ల మీదికి వచ్చినవాటిలో ఎల్‌ఈడీ కాలిపోయినవి అరుదు. స్ప్రింగు తుప్పు పట్టడం, వైరు మడత దగ్గర తెగడం, రబ్బరు రింగులో ఇసుక ఇరుక్కోవడం, నకిలీ సెల్... ఎక్కువగా ఇవే. అందుకే సెల్ నుంచి మొదలుపెట్టి ఎల్‌ఈడీ వైపు రావాలంటాను. మనకు కావాల్సింది చెప్పినన్ని గంటలు ఒకేలా వెలిగి, అయిపోయే ముందు హెచ్చరించి మరీ తగ్గే దీపం.

ముందు ఒక లెక్క. మంచి 18650 సెల్‌లో 3,400 ఎంఏహెచ్ దాకా ఉంటుంది, సగటు వోల్టేజీ 3.6. రెండూ గుణిస్తే పన్నెండు వాట్-అవర్ల పైచిలుకు. సర్క్యూట్‌లో, లెన్సులో పోయేది పోగా పది మిగులుతాయనుకుందాం. ఇప్పటి ఎల్‌ఈడీలు మధ్యరకం వెలుగులో వాట్‌కు 120 ల్యూమెన్లు తేలిగ్గా ఇస్తాయి. అంటే ఆ ఒక్క సెల్‌తో మీకు దక్కేది సుమారు 1,200 ల్యూమెన్-గంటలు. వంద ల్యూమెన్లతో నడిస్తే పన్నెండు గంటలు. వెయ్యితో నడిస్తే కాగితం మీద గంటా పన్నెండు నిమిషాలు, చేతిలో అంతకూడా రాదు. కరెంటు పెంచేకొద్దీ ఎల్‌ఈడీ సామర్థ్యం పడిపోతుంది, వేడెక్కితే ఇంకా పడిపోతుంది.

అయితే డబ్బా మీద వెయ్యి ల్యూమెన్ల పక్కనే అన్ని గంటలు ఎలా రాస్తారు? హెడ్‌ల్యాంపులకు, టార్చిలకు ఎక్కువ కంపెనీలు పాటించే కొలత ఆన్సీ ఎఫ్ఎల్1 ప్రమాణం. అందులో ల్యూమెన్లను స్విచ్ వేసిన కొద్ది సేపట్లోనే కొలుస్తారు. గంటలను మాత్రం వెలుగు మొదటిదానిలో పదో వంతుకు పడిపోయేదాకా లెక్కేస్తారు. కాబట్టి ఒక దీపం కొన్ని నిమిషాలు వెయ్యి ఇచ్చి, మిగతా సమయమంతా నూటపాతిక దగ్గర కునికినా ఆ అంకెలు తప్పు కావు. దూరం సంగతీ అంతే. 150 మీటర్లు అని రాశారంటే ఆ దూరంలో పడేది 0.25 లక్స్, ఇంచుమించు పౌర్ణమి వెన్నెలంత వెలుగు. ఆ వెలుగులో మంచు వాలు ఉందని తెలుస్తుంది గానీ దానిలో పగులుందో లేదో తెలియదు.

ఇంకో విషయం. వెలుగు రెట్టింపైందని కంటికి అనిపించాలంటే ల్యూమెన్లు నాలుగింతలో అంతకన్నా ఎక్కువో కావాలి. మీరు వెయ్యి నుంచి రెండు వేలకు వెళ్తే కంటికి కనిపించే తేడా కొద్దిపాటిదే, సెల్ మాత్రం సగం సమయానికే ఖాళీ అవుతుంది. గుహలో నడవడానికి 50 నుంచి 150 ల్యూమెన్లు, పెద్ద హాలులాంటి చోట పైకప్పు చూడడానికి కాసేపు 400, 500 చాలు. కొండ మీద దారి వెతకడానికి దూరం పడే సన్నటి కిరణం కొన్ని క్షణాలు కావాలి, మిగతా రాత్రంతా అడుగుల ముందు వంద ల్యూమెన్లుంటే సరిపోతుంది.

ఇక చలి. ఉత్తరాఖండ్‌లో జరిగింది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

లిథియం అయాన్ సెల్ చల్లబడితే దానిలోని శక్తి ఎక్కడికీ పోదు, బయటికి రావడం కష్టమవుతుంది. ట్యాంకు నిండుగా ఉన్నా పైపులో పూడిక చేరితే కుళాయి సన్నగా వస్తుంది చూశారా, అలా. సెల్ లోపలి నిరోధం మామూలు వేడిలో 0.05 ఓమ్ ఉందనుకుందాం. మైనస్ పదిహేను, ఇరవై డిగ్రీల్లో అది కొన్ని రెట్లు పెరుగుతుంది. 0.3 ఓమ్ అయిందనుకోండి. మీ దీపం పూర్తి వెలుగులో 3 ఆంపియర్లు లాగితే సెల్ లోపలే 0.9 వోల్ట్లు పోతాయి. 3.7 వోల్ట్ల సెల్ బయటికి 2.8 చూపిస్తుంది. ఎల్‌ఈడీకి కరెంటు అందించే బోర్డు (దీన్నే డ్రైవర్ అంటారు) దాన్ని చూసి సెల్ ఖాళీ అయిందనుకుని ఆపేస్తుంది. మీరు కింద క్యాంపుకు వచ్చాక స్విచ్ నొక్కితే మళ్లీ వెలిగే ఉంటుంది, సెల్ వేడెక్కింది కాబట్టి. అదే దీపాన్ని ఆ చలిలోనే 0.3 ఆంపియర్ల దగ్గర ఉంచితే పోయేది 0.09 వోల్ట్ మాత్రమే. రాత్రంతా వెలిగేది.

కాబట్టి చలికి మొదటి మందు కరెంటు తగ్గించడం. రెండోది సెల్‌ను ఒంటికి ఆనించి ఉంచడం. తల వెనక బిగించిన బ్యాటరీ పెట్టెకు ఒంటి వేడి ఏమాత్రం అందదు, పైగా గాలి తగులుతుంది. దాన్ని అక్కడినుంచి తీసి, ఒక మీటరు వైరు చివర పెట్టి, జాకెట్ లోపలి జేబులోకి మార్చండి. మీ దీపానికి చేయగలిగిన మార్పుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ఖర్చు కొన్ని వందలు.

మూడోది, ఒక సెల్‌కు బదులు రెండు సెల్స్ పక్కపక్కన, అంటే ప్యారలల్‌గా పెట్టడం. ఒక్కో సెల్ మీద భారం సగమవుతుంది కాబట్టి చలిలో వోల్టేజీ పడిపోవడమూ సగమవుతుంది, గంటలు రెట్టింపవుతాయి. రెండు సెల్స్ కలిపినా బరువు వంద గ్రాముల లోపే. ఒకే కంపెనీవి, ఒకేసారి కొన్నవి, పూర్తిగా ఛార్జ్ చేసినవి మాత్రమే కలపాలి. ఒకటి నిండుగా ఇంకొకటి ఖాళీగా ఉన్నప్పుడు కలిపితే నిండుదాని నుంచి ఖాళీదానిలోకి భారీగా కరెంటు దూకుతుంది. వరసగా, అంటే సిరీస్‌లో పెట్టే డిజైన్ల జోలికి ఇంట్లో చేసుకునేవాళ్లు వెళ్లకపోవడం మంచిది. అందులో బలహీనమైన సెల్ ముందు ఖాళీ అయితే రెండోది దాన్ని వ్యతిరేక దిశలో నెట్టడం మొదలుపెడుతుంది. అది ప్రమాదం.

ఏఏ సైజు సెల్స్ పట్టే దీపాలు వాడే మిత్రులు కూడా మీతో వస్తారు కదా, వాళ్లకు ఒక మాట. మామూలు ఆల్కలైన్ సెల్‌లో ఉండేది నీళ్ల ద్రావణం. మైనస్ ఇరవైలో అది తన శక్తిలో కొంచెమే ఇవ్వగలదు. పైగా వాడకుండా వదిలేస్తే కారి స్ప్రింగులను తినేస్తుంది. రీఛార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్ దానికంటే మేలు. ఎత్తులకు వెళ్లేవాళ్లు పారేసే రకం లిథియం ఏఏ సెల్స్ కొనుక్కోవాలి. ఒక్కోటి 15 గ్రాములే, ఆల్కలైన్ 23 గ్రాములు. మైనస్ 40 దాకా పనిచేస్తాయి. ఒక జాగ్రత్త: కొత్తగా ఉన్నప్పుడు వీటి వోల్టేజీ 1.8 దగ్గర ఉంటుంది. మూడు కలిస్తే 5.4. కొన్ని చవక దీపాల బోర్డులు దీనికి తట్టుకోవు. కంపెనీ కాగితంలో లిథియం వేయొచ్చని ఉంటేనే వేయండి.

క్యాంపులో పవర్ బ్యాంకుతో ఛార్జ్ చేసుకునేవాళ్లు తప్పకుండా గుర్తుపెట్టుకోవాల్సింది ఇది: లిథియం అయాన్ సెల్‌ను సున్నా డిగ్రీల కింద వాడవచ్చు, ఛార్జ్ చేయకూడదు. గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే లిథియం లోహంగా పేరుకుంటుంది. ఆ నష్టం మళ్లీ పూడదు, లోపల షార్ట్ అయ్యే ప్రమాదం కూడా ఉంది. టెంట్ బయట రాత్రంతా పడున్న దీపాన్ని పొద్దున్నే కేబుల్‌కు తగిలించకండి. స్లీపింగ్ బ్యాగ్‌లో ఒంటి పక్కన పెట్టుకుని, చేతికి గోరువెచ్చగా తగిలాక ఛార్జింగ్ పెట్టండి.

సెల్ కొనేటప్పుడు 9,900 ఎంఏహెచ్ అని రాసి ఉన్న 18650 కనిపిస్తే పక్కన పెట్టేయండి. ఆ సైజులో నమ్మకమైన కంపెనీలు సాధారణంగా అమ్మేది 3,500 చుట్టుపక్కలే. తూకం వేసి చూడండి, అసలైనది 45 నుంచి 50 గ్రాములుంటుంది. ముప్పైల్లో తూగితే లోపల చిన్న సెల్ పెట్టి మిగతా చోటు ఏదో ఒకదానితో నింపారన్నమాట.

ఇప్పుడు సెల్ నుంచి బోర్డు దాకా దారి. చాలామంది దీన్ని అసలు పట్టించుకోరు. చలిలో సెల్ లోపలి నిరోధాన్ని మనం పెద్దగా తగ్గించలేం, బయటిదాన్ని తగ్గించడం మన చేతిలో పనే. స్ప్రింగు ఉక్కుతో చేసి పైన పూత పూసిందైతే దాని నిరోధమే సెల్ నిరోధమంత ఉండొచ్చు. స్ప్రింగు అడుగు నుంచి కొస దాకా మెత్తటి రాగి అల్లిక తీగ ఒకటి టంకం వేయండి. బిగువు స్ప్రింగే ఇస్తుంది, కరెంటు రాగిలో పోతుంది. టంకం స్ప్రింగుకే, సెల్‌కు ఎప్పుడూ వేయవద్దు, ఆ వేడికి లోపలి పొరలు దెబ్బతింటాయి. సెల్స్‌ను మంచి హోల్డర్‌లో పెట్టండి, లేదా నికెల్ పట్టీ స్పాట్ వెల్డ్ చేసే దుకాణంలో చేయించుకోండి.

వైరు విషయంలో సన్నది వేసి చెడగొట్టుకోవద్దు. 0.2 చదరపు మి.మీ. రాగి వైరుకు మీటరుకు 0.086 ఓమ్ నిరోధం. ఒక మీటరు పొడవంటే పోనూ రానూ రెండు మీటర్లు, 0.17 ఓమ్. సెల్‌ను వెచ్చగా ఉంచి సంపాదించిన లాభంలో చాలా భాగం ఇక్కడ పోతుంది. 0.5 చదరపు మి.మీ. వేస్తే 0.07కు దిగుతుంది. తొడుగు సిలికాన్‌ది కావాలి. మామూలు పీవీసీ తొడుగు చలికి బిగుసుకుపోయి మడత దగ్గర పగులుతుంది. సిలికాన్ వైరు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, డ్రోన్ల సామాను అమ్మేవాళ్ల దగ్గరా దొరుకుతుంది. వైరు పెట్టెలోకి వెళ్లే రెండు చోట్లా వైరును బిగించి పట్టే రబ్బరు గ్లాండ్ పెట్టి, లోపల ఒక ముడి వేయండి. లాగినప్పుడు ఆ బలం టంకం మీద పడకూడదు. మధ్యలో ఒక కనెక్టర్ కూడా పెట్టండి, గట్టిగా లాగితే ఊడివచ్చేది. గుహలో ఇరుకు సందులో వైరు రాయికి తగులుకుంటే మెడను పట్టి లాగకుండా ఊడిపోవాలి.

డ్రైవర్ బోర్డు సంగతికి వద్దాం. దీపం గుణమంతా ఇక్కడే తేలుతుంది. చవక బోర్డులు సెల్ వోల్టేజీ తగ్గేకొద్దీ వెలుగు తగ్గిస్తూ పోతాయి, లేదా చివరిదాకా వెలిగి ఒక్కసారిగా ఆరిపోతాయి. మీది రెండో రకం. తాడు మీద వేలాడుతున్నప్పుడో, నిట్టనిలువు మంచులో క్రాంపాన్ (బూటు కింద కట్టే ముళ్ల చట్రం) మోపుతున్నప్పుడో ఒక్కసారిగా చీకటి పడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. మీరు వెతకాల్సిన బోర్డుకు మూడు లక్షణాలుండాలి. సెల్ నిండుగా ఉన్నా సగమైనా ఒకే వెలుగివ్వాలి. వోల్టేజీ 3.0 దగ్గరికి వస్తే ఆరిపోకుండా ఒక మెట్టు దిగాలి, అక్కడ నిలదొక్కుకోకపోతే ఇంకో మెట్టు, చివరికి ఒకటి రెండు ల్యూమెన్ల దగ్గర గంటల తరబడి నిలబడాలి. ఆ కాస్త వెలుగులో సెల్ మార్చుకోవచ్చు. ప్రతి మెట్టు దిగేటప్పుడు రెండుసార్లు మిణుకుమని చెప్పాలి. సెల్‌కు అంటించి వచ్చే రక్షణ సర్క్యూట్ 2.5 వోల్ట్ల దగ్గర హఠాత్తుగా కత్తిరిస్తుంది. అది ప్రమాదం జరగకుండా ఉండే ఆఖరి కట్ట మాత్రమే, డ్రైవర్ అంతకు చాలా ముందే మెలకువగా ఉండాలి.

వెలుగు తగ్గించే పద్ధతిలో కూడా తేడా ఉంది. పీడబ్ల్యూఎం పద్ధతిలో ఎల్‌ఈడీని పూర్తి కరెంటుతో క్షణానికి ఎన్నోసార్లు ఆర్పి వెలిగిస్తారు. స్థిర కరెంటు పద్ధతిలో కరెంటునే తగ్గిస్తారు. ఎల్‌ఈడీ తక్కువ కరెంటులో ఎక్కువ సామర్థ్యంతో పనిచేస్తుంది కాబట్టి, రోజంతా వంద ల్యూమెన్ల దగ్గర నడిచేవాళ్లకు రెండో పద్ధతిలో గంటలు పెరుగుతాయి. నెమ్మదిగా ఆర్పి వెలిగించే బోర్డయితే పైనుంచి పడే నీటి చుక్కలు తెగిన గీతల్లా కనిపిస్తాయి, కొందరికి తల తిరుగుతుంది. జలపాతమున్న గుహలో ఇది చాలా ఇబ్బంది.

నీళ్ల సంగతి. ఐపీఎక్స్-7 అని రాసుంటే దాని అర్థం మీటరు లోతు నిశ్చలమైన నీళ్లలో అరగంట. అదీ కొత్తగా, శుభ్రంగా ఉన్న దీపానికి. గుహలో జరిగేది వేరు. దీపం వెలిగి వెలిగి వేడెక్కుతుంది, లోపలి గాలి వ్యాకోచించి కొంచెం బయటికి పోతుంది. అప్పుడు మీరు చల్లటి నీళ్లలో తల ముంచుతారు. లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని, ఎక్కడ సందు దొరికితే అక్కడినుంచి నీళ్లను లోపలికి పీల్చుకుంటుంది. మేఘాలయ గుహల్లో ఇది గంటలో ఎన్నోసార్లు జరుగుతుంది. క్రెమ్ లియాట్ ప్రాలాంటివి ముప్పై కిలోమీటర్ల పైన సాగే గుహలు, ఆ ప్రాంతంలో చాలాచోట్ల దారి అంటే వాగే.

రబ్బరు రింగును ప్రతి ప్రయాణం తర్వాత తీసి, వేలితో తడిమి చూడండి. ఒక్క ఇసుక రేణువు చాలు. గీతపడితే మార్చేయండి, పది రూపాయల వస్తువు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో ఏ సైజైనా కొలిచి ఇస్తారు. నల్లటి నైట్రైల్ రింగుకు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. వాజలిన్ రాసే అలవాటు చాలామందికి ఉంది, అది కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది. సిలికాన్ రింగు అయితే సిలికాన్ గ్రీజు దానికీ పడదు.

యూఎస్‌బీ రంధ్రం అన్నిటికన్నా బలహీనమైన చోటు. ఆ రబ్బరు మూత బురదలో నాలుగుసార్లు తెరిచి మూస్తే సరిగ్గా కూర్చోదు. గుహల కోసమే వాడే దీపమైతే ఆ రంధ్రాన్ని శాశ్వతంగా మూసేసి, సెల్‌ను బయటికి తీసి వేరే ఛార్జర్‌లో పెట్టుకోవడం నా సలహా. మూయడానికి సిలికాన్ సీలెంట్ కొంటే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. అది గట్టిపడుతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, లోపలి రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని ట్యూబు మీద రాసి ఉన్నది అడిగి తీసుకోండి. బోర్డు మీద కన్ఫార్మల్ కోటింగ్ (తేమ అంటకుండా వేసే వార్నిష్‌లాంటిది) రెండు పూతలు వేస్తే లోపల తేమ చేరినా దీపం వెలుగుతూనే ఉంటుంది. నీళ్లు రాకుండా చూడడం ఒక పని, వచ్చినా పనిచేసేలా చూడడం ఇంకో పని. రెండూ చేయండి.

అయితే బ్యాటరీ పెట్టెను ఎక్కడా సందు లేకుండా గట్టి లోహంతో మూసేయకండి. సెల్ దెబ్బతిని గ్యాస్ వదిలితే అది బయటికి పోయే దారి ఉండాలి. ఒత్తిడి పెరిగితే ముందుగా ఊడిపోయే రబ్బరు బిరడా ఒకటి, ముఖం వైపు కాకుండా పెట్టండి.

వెలుగు తీరు గురించి. మామిడికాయలు మగ్గబెట్టడానికి దొంగచాటుగా వాడుతున్నారని మనం తిట్టుకునే కార్బైడే ఒకప్పుడు గుహాన్వేషకుల దీపం. కాల్షియం కార్బైడ్ మీద నీటి చుక్క పడితే ఎసిటిలీన్ వస్తుంది, దాన్ని నుదుటి మీద వెలిగించేవారు. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలను డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మన్లు వివరంగా పరిశీలించిన 1980ల తొలినాళ్లలో యూరప్ గుహాన్వేషకుల్లో ఎక్కువమంది వాడింది అదే. మసి, దుర్వాసన, వాడేసిన సున్నం మోత ఉన్నా దాని వెలుగును మెచ్చుకునే పాతవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కారణం ఉంది. ఆ మంట వెలుగు చుట్టూ ఒకేలా పరుచుకుంటుంది. పాదాలు, చేతులు, పక్క గోడ అన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. సన్నటి కిరణం వేసే ఎల్‌ఈడీతో మధ్యలో కళ్లు చెదిరే మచ్చ, చుట్టూ చీకటి. కనుపాప ఆ మచ్చకు తగ్గట్టు ముడుచుకుంటుంది, పక్కనున్న గుంత కనిపించదు.

గుహకు వెళ్లేటప్పుడు లెన్సు మీద పాలరంగు డిఫ్యూజర్ పొర వేయండి. కొన్ని ల్యూమెన్లు పోతాయి, చూపు మాత్రం పెరుగుతుంది. ఇంకా మంచిది, ఒకే దీపంలో వెడల్పు వెలుగుకు వేరే ఎల్‌ఈడీలు, దూరానికి వేరేది, విడివిడి స్విచ్‌లతో. రెండు పనులకూ ఒకే దీపం కావాలన్నారు కాబట్టి మీకు సరైనది ఇదే.

రంగు విషయంలో నీలి ఛాయ ఉన్న 6,500 కెల్విన్ ఎల్‌ఈడీ వదిలేసి 4,000 నుంచి 4,500 కెల్విన్, సీఆర్ఐ (రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే కొలత) 90 ఉన్నది తీసుకోండి. ల్యూమెన్లు కొంత తగ్గుతాయి. బదులుగా తడి రాయి, బురద, నాచు విడివిడిగా తెలుస్తాయి. నీలి వెలుగులో అన్నీ ఒకే బూడిదరంగులో కనిపిస్తాయి. అలాగే దీపం కళ్లకు దగ్గరగా ఉండడం వల్ల నీడలు కళ్లకు కనిపించకుండా వస్తువు వెనకే పడతాయి. అందుకే మంచు మీద ఎత్తుపల్లాలు తెలియవు, పొగమంచులో అయితే ఎదురుగా తెల్లటి గోడ నిలబడుతుంది. దీనికి ఎల్‌ఈడీ మార్పు మందు కాదు. రెండో దీపాన్ని చేత్తో నడుము దగ్గర పట్టుకుని పక్కగా వేయండి. నీడలు సాగి నేల రూపం తెలుస్తుంది, పొగమంచు మెరుపూ తగ్గుతుంది.

వేడి గురించి ఒక్క మాట. ఎల్‌ఈడీలోకి వెళ్లే విద్యుత్తులో సగం కంటే ఎక్కువ వేడిగానే మారుతుంది. కొండ మీద గాలి దాన్ని మోసుకుపోతుంది. బెలుం లోపలి భాగాల్లో గాలి ఆడదు, ఉక్కపోత, అక్కడ అదే దీపం నిమిషాల్లో కాలుతుంది. కాబట్టి ఎల్‌ఈడీని రాగి పలక మీద వచ్చేదే కొని, దాని కింద థర్మల్ పేస్టు పలచగా రాసి, దీపం అల్యూమినియం బాడీకి స్క్రూతో బిగించండి.

చాలామందికి తట్టని రెండు సంగతులు. మొదటిది అయస్కాంతం. రంధ్రం అక్కర్లేని స్విచ్ కోసం, ఛార్జింగ్ కేబుల్ అతుక్కోవడం కోసం దీపాల్లో అయస్కాంతాలు పెడుతున్నారు. నీళ్లు రాకుండా ఉండడానికి అది మంచి ఆలోచనే. కానీ గుహ పటం గీసేవాళ్లు దిక్సూచినో, లేజరుతో దూరం, దిక్కు కొలిచే డిస్టోఎక్స్‌నో తలకు దగ్గరగా పెట్టుకుని చూస్తారు. నుదుటి మీద అయస్కాంతం ఉంటే దిక్కు డిగ్రీల కొద్దీ తప్పుతుంది. ఆ తప్పు ఒక్కో కొలతకూ పేరుకుంటూ పోతుంది. సర్వే పని ఉంటే అయస్కాంతం లేని దీపం వాడండి, ఉక్కు పెట్టెలో ఉన్న సెల్‌ను కూడా తల మీద కాకుండా నడుముకు మార్చండి. రెండోది, మంచుచరియలు విరిగిపడే ప్రమాదమున్న చోట వేసుకునే ట్రాన్సీవర్, అంటే మంచులో కూరుకుపోయినవాళ్లను వెతకడానికి సిగ్నల్ పంపి అందుకునే పరికరం. అది 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. మన డ్రైవర్ బోర్డులు వెదజల్లే రొద దానికి అడ్డుపడుతుంది. మామూలుగా నడిచేటప్పుడు 20 సెం.మీ., వెతికేటప్పుడు 50 సెం.మీ. ఎడం ఉంచాలన్నది సాధారణ నియమం. జాకెట్ జేబులో బ్యాటరీ పెట్టుకోమన్నాను కదా, ట్రాన్సీవర్ ఎడమ పక్క ఉంటే బ్యాటరీని కుడి పక్కకు మార్చండి, వైరు దాని మీదుగా పోనీయకండి.

హెల్మెట్‌కు రంధ్రాలు వేయకండి, ఘాటు జిగుర్లు పూయకండి. రెండూ దాని బలాన్ని తగ్గిస్తాయి. క్లిప్పులు, పట్టీలతోనే బిగించండి.

సింగరేణిలో పనిచేసే మిత్రులెవరైనా ఇది చదువుతుంటే వాళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను: ఇందులో ఏ మార్పూ మీ క్యాప్ ల్యాంపుకు చేయవద్దు, ఇలా చేసుకున్న దీపం గనిలోకి తీసుకెళ్లవద్దు. బొగ్గుగనిలో మీథేన్ ఉంటుంది. వైరు ఊడినా, సెల్ షార్ట్ అయినా గ్యాస్‌ను అంటించేంత నిప్పురవ్వ రాకుండా ఆ దీపాలను తయారుచేసి, గనుల భద్రతా విభాగం అనుమతి ఇస్తుంది. మేం పెట్టే ఊడొచ్చే కనెక్టర్ అక్కడ ప్రాణాంతకం.

పని పూర్తయ్యాక ఇంట్లోనే పరీక్ష. ఫ్రిజ్‌లోని ఫ్రీజర్ అర మైనస్ 18 దగ్గర ఉంటుంది. సెల్స్‌ను నీళ్లు తగలకుండా కవర్లో చుట్టి రాత్రంతా అందులో ఉంచండి, పొద్దున సెల్ లోపలే ఉండగా వైరు బయటికి తీసి దీపం వెలిగించి, ఒక్కో మెట్టులో ఎంతసేపు నిలిచిందో రాసుకోండి. ఫోన్‌లోని లక్స్ మీటర్ యాప్ అసలు అంకె సరిగ్గా చూపకపోయినా, వెలుగు తగ్గుతున్న తీరు చూడడానికి పనికొస్తుంది. నీళ్ల పరీక్షకు ముందు దీపాన్ని పది నిమిషాలు పూర్తి వెలుగులో వేడెక్కించి, అప్పుడు ఐసు వేసిన బకెట్‌లో ముంచండి. చల్లటి దీపాన్ని ముంచితే అది పరీక్షే కాదు. లోపల ముందే ఒక టిష్యూ కాగితం ముక్క పెడితే తడి వెంటనే తెలుస్తుంది. మీరు కొలిచిన గంటలను టేపు మీద రాసి దీపానికి అంటించండి, చలిలో ఒకటి, మామూలుగా ఒకటి. సెల్ మార్చే పనిని చేతి తొడుగులతో, కళ్లు మూసుకుని సాధన చేయండి. ఇంత చేసినా గుహలోకి ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు దీపాలు మనిషికి ఉండాల్సిందే, వాటిలో రెండోది మిమ్మల్ని బయటికి తీసుకురాగలిగేంత గట్టిదై ఉండాలి. విమానంలో వెళ్తే అదనపు సెల్స్ చేతి సంచిలోనే, కొసలకు టేపు వేసి తీసుకెళ్లాలి. లగేజీలో వేయనివ్వరు.

ఇక మీరు అడిగిన ఎల్‌ఈడీ. 3 వోల్ట్ల రకం, 4,000 కెల్విన్, సీఆర్ఐ 90, రాగి పలక మీదది. వెడల్పు వెలుగుకు రెండు, దూరానికి ఒకటి, గరిష్ఠ వెలుగు 500 ల్యూమెన్ల దగ్గర ఆపే డ్రైవర్. రెండు ఎల్‌ఈడీలకు సగం సగం కరెంటు ఇస్తే ఒకదానికే మొత్తం ఇచ్చినదానికంటే ఎక్కువ వెలుగొస్తుంది. డ్రైవర్ కొనేముందు మీ దీపం విప్పి పాత బోర్డు వ్యాసం కొలవండి. ఎక్కువగా 17 మి.మీ. గానీ 20 మి.మీ. గానీ ఉంటాయి. 20 అయితే పైన చెప్పిన మెట్లన్నీ ఉన్న బక్ రకం (వోల్టేజీని తగ్గించి ఇచ్చే) బోర్డు పట్టే చోటు సాధారణంగా ఉంటుంది. 17 అయితే లోతు కూడా కొలిచి చెప్పండి, స్ప్రింగు ఎత్తుతో కలిపి. దాన్నిబట్టి బోర్డును దీపంలోనే పెట్టాలా, జేబులోని బ్యాటరీ పెట్టెలోకి మార్చాలా అన్నది చూద్దాం.